పలకకు పట్టిన ఐదు పనులు

నలభై మూడు పనులు చీటీల మీద రాసుకుని మార్కాపురం వైపు వెళ్లాను. ఐదు పనులతో తిరిగొచ్చాను. మధ్యలో మూడింటిని ఒక మేక తినేసింది, తక్కినవాటిని నేనే పక్కన పెట్టాను. ఇంత తేలిక చేతులతో నేను ఏ ఊరి నుంచీ ఇల్లు చేరలేదు. అటు వెళ్లని వాళ్ల కోసం ఆ నాలుగు రోజుల సంగతి రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. తెనాలిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని విజయవాడలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ బృందానికి బిజినెస్ అనలిస్టుగా పనిచేస్తాను. యాప్ వాడేవాళ్లకు ఏం కావాలో కనుక్కుని, ఒక్కో అవసరాన్ని ఒక్కో చీటీ మీద రాసి, ఏది ముందో ఏది వెనకో వరుస పెట్టడం నా వంతు. ఆ వరుసను మావాళ్లు బ్యాక్‌లాగ్ అంటారు. అందులో పైనుంచి ఒక్కొక్కటీ తీసుకుని కోడు రాసేది వంశీ. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేదని నన్ను బడికి పంపలేదు. అక్షరాల నుంచి లెక్కల దాకా అన్నీ మా నాన్నగారే ఇంట్లో చెప్పారు. ఈ పనీ ఇంట్లోనే నేర్చుకున్నాను. గడప దాటకుండానే మనుషులకేం కావాలో తెలుసుకోవచ్చన్న ధీమా నాలో ఎక్కడో ఉండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఒక స్వచ్ఛంద సంస్థ కోసం మేము గొర్రెల కాపరుల యాప్ ఒకటి చేశాం. వానలకు ముందే గొర్రెలకు చిటుకు రోగం టీకా పడాలి. ఆ రోగం వస్తే పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి ఉండదు. ఏ ఊళ్లో ఎన్ని గొర్రెలున్నాయో యాప్‌లో ఎక్కిస్తే, దాన్ని బట్టి సంస్థ టీకా పంపుతుంది. అర్ధవీడు వైపు కొన్ని ఊళ్లలో వివరాలు ఎక్కించేదీ, టీకా వేసేదీ రమణమ్మ. యాప్ వచ్చిన మొదటి ఏడే, నిరుడు, ఆమె ఊరికి టీకా చాలా తక్కువ వచ్చింది. చివరి గొర్రెల దొడ్లకు అందలేదు. అందని దొడ్లలో ఒకటి ఆమె సొంత వదినది. అందులో గొర్రెలు చచ్చిపోయాయి.

ఆ సోమవారం రమణమ్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

“అక్కా, శనివారం పన్నెండు లోపల ఇండెంటు పోవాల. ఈ యేడు గూడా మందు తక్కువొస్తే నన్ను ఎవురూ దొడ్లోకి రానీరు. మా వదిన ఇప్పటికే మాట్లాడేది మానేసింది. మీ యాప్‌లో ఏందో తప్పుండాది. ఒకసారి వచ్చి చూడరాదా?”

ఇండెంటు అంటే ఏ ఊరికెంత టీకా కావాలో సంస్థకు పంపే జాబితా. నా నలభై మూడు చీటీలూ తిరగేశాను. తప్పు వాటిలో కనిపించలేదు. చీటీలన్నీ స్టీలు టిఫిన్ డబ్బాలో సర్దుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని బయలుదేరాను.

మార్కాపురం, బుధవారం

వినుకొండ దాటాక రైలు కిటికీలో పచ్చదనం పలచబడి ఎర్రమన్ను మొదలైంది. ఎదురు సీటులోని ఆవిడ ఉడకబెట్టిన శనక్కాయలు నా ఒళ్లో కుమ్మరించి, “యాడికి పోతాండావు పాపా?” అని అడిగింది. గొర్రెల కాపరులకు ఏం కావాలో అడగడానికి అని చెప్పాను. ఆవిడ నవ్వి, “అడిగితే చెప్తారా?” అంది. నేనూ నవ్వాను. ఆ ప్రశ్నను అక్కడే పట్టుకుని ఉంటే నాకు ఒక రోజు కలిసొచ్చేది.

మా నాన్నగారు నాకు అక్షరాలు దిద్దించింది మార్కాపురం రాతి పలక మీదే. అందుకని ఊళ్లోకి వెళ్లగానే పలకల దుకాణం వెతుక్కున్నాను. దుకాణంలో ఉన్న పెద్దాయన చెక్క చట్రం వేసిన పలకలను దులిపి ముందు పెట్టాడు.

“పిల్లలకా పాపా?”

“నాకే తాతగారూ.”

ఆయన కళ్లజోడు మీదుగా చూశాడు. “ఏం రాస్తావు?”

నా పని గురించి చెప్పి టిఫిన్ డబ్బా తెరిచి చూపించాను. ఆయన చీటీల కట్టను చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు చూశాడు.

“ఇన్నీ ఒక్కసారే చేస్తారా?”

“లేదండీ. ముందువి ముందు, తర్వాతవి తర్వాత.”

“మరి తర్వాతియ్యి ఇప్పట్నుంచే ఏంటికి మోస్తాండావు?”

మా పనిలో దాని గురించి చాలా పెద్ద మాటలున్నాయి, కానీ ఆ కౌంటరు ముందు అవేవీ ఎత్తకుండా పలక ధర అడిగాను. పలక డెబ్భై రూపాయలు. ఆయన బొటనవేలు తడి చేసి పలక తుడిచి, మూలన చిన్నగా ఓం అని రాసి చూసి, నా చేతికిచ్చాడు. బలపాలకు డబ్బులు తీసుకోలేదు. “చదువుకునే దానికి గదా” అన్నాడు. నాన్నగారు నాతో దిద్దించిన మొదటి అక్షరం కూడా ఓం. ఆ సాయంత్రం చెన్నకేశవస్వామి గుడిలో పలకను ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఫలానాది కావాలని ఏమీ అడగలేదు. వచ్చినందుకు కృతజ్ఞత చెప్పుకున్నాను, అంతే.

అర్ధవీడు వైపు, గురువారం

కంభంలో రమణమ్మ నా కోసం ఎదురుచూస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. భుజానికి నీలం సంచీ, చేతిలో టీకాలు పెట్టే ఐసు డబ్బా. అందులో ఆ రోజుకు మజ్జిగ ప్యాకెట్లున్నాయి. “మందు లేనప్పుడు దీనికి ఇదే పని” అంది.

ఆటోలో మాతో పాటు రెండు బస్తాల తవుడు, ఒక సైకిలు చక్రం, నలుగురు ఆడవాళ్లు ఎక్కారు. దూరంగా నల్లమల కొండలు నీలంగా కనిపిస్తూనే ఉన్నాయి, ఎంతకీ దగ్గర పడలేదు. దారిలో తాళం వేసిన ఇళ్లు చాలా చూశాను. అందరూ పనులకు వలస పోయినారని రమణమ్మ చెప్పింది. ఊరు చేరాక రమణమ్మ వాళ్లింట్లో చెంబుతో నీళ్లిచ్చినప్పుడు సగం తాగి, సగం వాకిట్లో పారబోయబోయాను. మా ఊళ్లో కాలువ పారుతుంటుంది, అదలా అలవాటైపోయింది. రమణమ్మ నా చేయి పట్టుకుని ఆపి, చెంబు తీసుకెళ్లి కోళ్ల గిన్నెలో పోసింది. తాగే నీళ్ల డబ్బా అక్కడ ఇరవై రూపాయలు, వాడుక నీళ్లకు ట్యాంకరు రావాలి. ఆ తర్వాత ఎక్కడ నీళ్లిచ్చినా చివరి చుక్క దాకా తాగాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, మీద పచ్చి ఉల్లిపాయ. రొట్టె చేత్తో తట్టడం నేనూ ప్రయత్నించాను. నాది గుండ్రంగా రాలేదు. రమణమ్మ వాళ్ల అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీన్ని ఆమెకే పెట్టు” అంది. నా రొట్టె నేనే తిన్నాను. బాగానే ఉంది.

దొడ్డి ముందర

సాయంత్రం ఐదు గంటలకు మందలు తిరిగొచ్చాయి. ఊళ్లో పెద్ద కాపరి తిరుపాలు తాత దొడ్డి దగ్గర నలుగురైదుగురు కాపరులు చేరారు. అంత ఉక్కలోనూ తాత భుజం మీద గొంగడి దిగలేదు. నేను బండ మీద చీటీలు పరిచి ఒక్కొక్కటీ చదివాను. కాపరికి ఫోనులో వాన కబురు తెలియాలి. మంచిదేనమ్మా, అన్నారు వాళ్లు. సంతలో ధరలు తెలియాలి. మంచిదే. గడ్డి ఎక్కడుందో పటంలో కనిపించాలి. అదీ మంచిదే. ఇంటికొచ్చిన మనిషి మాట కాదనడం ఇష్టంలేక వాళ్లు అన్నింటికీ తలూపుతున్నారని నాకు పదిహేనో చీటీ దగ్గర అర్థమైంది. అన్నీ మంచివే అయితే నా వరుస దేనికి?

ఈలోగా వెనక నుంచి ఒక మేక వచ్చి మూడు చీటీలు నోట్లో వేసుకుంది. నేను లాగబోతే తిరుపాలు తాత, “పోనీలేమ్మా, ఆకలైంది దానికి” అన్నాడు. పోయిన చీటీల్లో ఏముందో నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వాటి గురించి ఎవరూ అడగలేదు కూడా.

చివరికి చీటీలు పక్కన పెట్టి, యాప్ తెరిచి, మొదటి ప్రశ్న నేనే అడిగాను.

“తాతా, మీ దగ్గర ఎన్ని జీవాలున్నాయి?”

అటు గొర్రెలనూ మేకలనూ జీవాలనే అంటారు. తాత దొడ్డి వైపు చూడకుండా కొండ వైపు చూశాడు.

“ఏదో నాలుగుండాయమ్మా.”

ఆయన వెనక దొడ్డి నిండా గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేను పరిహాసమనుకుని నవ్వాను. నా నవ్వు ఒక్కటే వినిపించింది.

రమణమ్మ నన్ను పక్కకు తీసుకెళ్లింది. “అక్కా, ప్రాణమున్నదాన్ని లెక్కపెట్టి చెప్పగూడదు. దిష్టి తగిలిద్ది. ఎవురినడిగినా నాలుగుండాయి, ఐదుండాయి అంటారు.”

“మరి యాప్‌లో ఏం ఎక్కించావు?”

“వాళ్లు చెప్పిందే. నాలుగు, ఐదు. నేను మాత్రం ఎట్ల లెక్కపెడతా? నాదీ గొర్లున్న ఇల్లే గదా. ఇచ్చే మందు మందను చూసి ఇస్తారనుకున్నా.”

‘కాపరి తన గొర్రెల సంఖ్య ఎక్కించాలి. ఆ గడి నింపితేనే ముందుకు పోవాలి.’ ఆ చీటీ రాసింది నేనే. నాలుగులూ ఐదులూ చూసి, పాపం చిన్న చిన్న మందలు అని మేము విజయవాడ సమావేశంలో జాలిపడ్డాం కూడా. నాకు తెలియని ఆచారమా అంటే అదీ కాదు. మా ఇంట్లో ధాన్యం కొలిచేటప్పుడు మా అమ్మ ఇప్పటికీ మొదటి కుంచాన్ని ఒకటి అనదు, లాభం అంటుంది. అది వింటూ పెరిగాను. తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

వంశీకి ఫోన్ చేశాను. “ఫోటో తీస్తే చాలు అక్కా, మిషనే లెక్కపెట్టేస్తుంది” అన్నాడు ఉత్సాహంగా. ఆ మాట తాతకు చెప్పాను.

“మిషను లెక్కబెట్టినా లెక్కే గదమ్మా” అన్నాడు తాత. “మాకు తెలీకుండా లెక్కబెట్టేది ఇంకా అన్యాయం.”

నిజమే అనిపించింది.

వదిన ఇంట్లో, శుక్రవారం పొద్దున

రమణమ్మ వదిన పేరు అంకమ్మ. నన్ను లోపలికి పిలిచి, చాప వేసి, రాగి జావ ఇచ్చింది. రమణమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు గనక అంకమ్మ చెప్పాల్సిందంతా నాకు చెప్పింది.

“ఆమెను కూచోమను. గుమ్మంలో నిలబడితే నాకు ఎలుతురు రాదు.”

రమణమ్మ కూర్చుంది.

“ఏం తినిందో అడుగు.”

“తిన్నా” అంది రమణమ్మ నాతో.

“తినలేదు. మొగం చూస్తే తెలీదా?” అంటూ అంకమ్మ ఇంకో గ్లాసు జావ తెచ్చి, నా ముందు పెట్టి, ఆమె వైపు జరిపింది.

నాకు నవ్వు ఆగలేదు, కానీ అంకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను అడిగిందేంది? ఆమెనే అడుగు. మా దొడ్డికి రెండు సీసాల మందు, ఇంకో సీసాలో సగం. అంతే గదా ఎప్పుడూ పట్టేది. నిరుడు ఆ సగం సీసా గూడా తేలేకపోయినాదే మా ఆడబిడ్డ.”

జావ గ్లాసు కింద పెట్టేశాను. రెండున్నర సీసాలు. నిన్నటి నుంచి అడిగి అడిగి రాబట్టలేని మాట నిష్ఠూరంలో దానంతటదే వచ్చేసింది. సీసాకు వంద డోసులు. పైగా సంస్థ పంపేదీ సీసాలే. మేము గొర్రెల సంఖ్య అడిగి, దాన్ని మళ్లీ సీసాల్లోకి మార్చి పంపిస్తున్నాం. మాకు కావాల్సింది మొదటి నుంచీ సీసాల లెక్కే. భగవంతుడు దారి ఇలా కూడా చూపిస్తాడు అనుకుని కళ్లు మూసుకుని ఒక్క క్షణం దణ్ణం పెట్టుకున్నాను. జావ బాగుందనుకుని అంకమ్మ ఇంకొంచెం పోసింది.

ఈసారి వెంటనే విజయవాడకు ఫోన్ చేయలేదు. పలక తీసి దాని మీద ఫోను తెరలాగా గడి గీసి, ‘మీ దొడ్డికి ఎప్పుడూ ఎన్ని సీసాలు పడతాయి?’ అని పైన రాశాను. కింద ఖాళీ. ఆ పలక పట్టుకుని నేనూ రమణమ్మా ఐదు దొడ్లు తిరిగాం. రమణమ్మ చదివితే వాళ్లు బలపంతో సీసాకొక గీత గీశారు. సగానికి పొట్టి గీత. ఒకాయన గీతలు కాదని సీసాల బొమ్మలే వేశాడు, మూతలతో సహా. ఎవరూ కొండ వైపు చూడలేదు.

తిరుపాలు తాత దొడ్డి చివరిది. ఆయన తడుముకోకుండా ఆరు గీతలు గీసి పలక తిరిగిచ్చాడు. నాకు మనసాగక అడిగేశాను.

“తాతా, ఇది చెప్తే దిష్టి తగలదా?”

ఆయన నన్ను తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూశాడు. “సీసాలు మందుయ్యి గదమ్మా. జీవాలు నాయి.”

బేస్తవారిపేట, శుక్రవారం మధ్యాహ్నం

అక్కడ టీ బడ్డీలో సిగ్నలు బాగా దొరికింది. టీ పది రూపాయలు, కూర్చోవడానికి స్టూలు, పైన వేపచెట్టు నీడ. మా ఊళ్లో టీ అంటే చిన్న కప్పు. ఇక్కడ నిండు గ్లాసు. వంశీకి విషయమంతా చెప్పాను.

“మరి లాగిన్ మార్పులు, ధరల పేజీ, పటం... ఇవన్నీ ముందున్నాయి కదా అక్కా?”

“అన్నీ వెనక్కి. ఇదొక్కటే పైన.”

“ఇదసలు జాబితాలోనే లేదు.”

“లేదు. ఇప్పుడుంది.”

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. “ఒక్క స్క్రీనే అంటే రేపు పొద్దునకు చేస్తాను. దీంతో పాటు ఇంకేమీ అడగొద్దు.”

అడగనని మాటిచ్చి, ఆ స్క్రీనుకు చీటీ రాసి ఫోనులో పంపాను. తర్వాత మూలనున్న ఓం వదిలి పలక తుడిచి, ఆ రెండు రోజుల్లో కాపరులు తమంతట తాము ఎత్తిన విషయాలు మాత్రమే రాశాను. మందు ఏ రోజు వస్తుందో ముందే కబురు. ఆడవాళ్ల ఫోనుకూ అదే కబురు. చదవడం రాని వాళ్లకు మాటల్లో వినిపించడం. ఏ దొడ్డికి టీకా పడిందో, ఏది మిగిలిందో రమణమ్మకు తెలియడం. అన్నింటికన్నా పైన, సీసాలు. ఐదింటితో పలక నిండింది. టీ బడ్డీ ఆవిడ తొంగిచూసి, “పరీక్షా అమ్మీ?” అంది. ఒక రకంగా అంతే అన్నాను. రెండో టీకి డబ్బులు వద్దంది.

గిద్దలూరు, శనివారం

ఐసు డబ్బాలు తీసుకెళ్లే పని మీద రమణమ్మ గిద్దలూరు రావాల్సి ఉంది. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. ముప్పై రూపాయలకు ప్లేటు ఉగ్గాని, పైన రెండు మిరపకాయ బజ్జీలు. నానబెట్టిన బొరుగులకు, అంటే మరమరాలకు, ఉల్లిపాయ తాలింపు వేసి, పప్పుల పొడి చల్లుతారు. మా వైపు బొరుగులు సాయంత్రాలు నమలడానికే. అవి పొద్దుటి టిఫిను కావచ్చని నాకు తోచలేదు. బజ్జీ ఘాటుకు నా కళ్లు, ముక్కు ఏకమయ్యాయి. సర్వరు అడగకుండానే పెరుగు తెచ్చిపెట్టాడు.

పదింటికి కొత్త స్క్రీను వచ్చింది. రమణమ్మ మొదట అంకమ్మ పేరు తెరిచి రెండున్నర కొట్టింది. తీసుకోలేదు. మళ్లీ కొట్టింది. పూర్తి సంఖ్య ఇవ్వండి అంది యాప్.

“మూడు కొట్టేదా?” అంది.

“వద్దు. సగం సగమే.”

వంశీకి ఫోన్ చేస్తే, “చీటీలో అర సీసా అని ఎక్కడా రాయలేదుగా అక్కా” అన్నాడు మెల్లగా. పలక మీద పొట్టి గీతలు నా కళ్లతో చూసి కూడా చీటీలో రాయడం మరిచిపోయాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. పదకొండైంది. రమణమ్మ గోడ గడియారం వైపు చూడటం మానేసి నా వైపు చూడటం మొదలుపెట్టింది, అది ఇంకా కష్టంగా ఉంది. నేను మనసులో విష్ణు నామాలు చదువుకుంటూ కూర్చున్నాను. పదకొండుంపావుకు వంశీ ఫోన్ చేసి, “ఇప్పుడు చూడండి” అన్నాడు.

రెండున్నర. తీసుకుంది.

ఆ తర్వాత రమణమ్మ చెవికి ఒక ఫోను, చేతిలో ఒక ఫోనుతో ఊరంతటినీ పలకరించింది. “మామా, నీకెన్ని సీసాలు? ... చిన్నాయనా, నీకు? ... అత్తా, నిరుడు చెప్పినట్ల చెప్పబాక.” తిరుపాలు తాత ఫోనులో గట్టిగా అరుస్తున్నాడు. “ఆరు. ఆ పలకమ్మ పోయినాదా, ఉండాదా? మేక ఇంకా కాగితాల కోసం ఎతుకుతాందని చెప్పు.”

పన్నెండుకు పది నిమిషాలుండగా ఇండెంటు వెళ్లింది. రమణమ్మ ఫోను బోర్లించి, చల్లారిన ఉగ్గాని అంతా తినేసింది. రైలు దగ్గర వీడ్కోలు చెబుతూ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. ఇంటికొచ్చి విప్పితే జొన్నరొట్టెలు. ఒకటి మాత్రం వంకరగా ఉంది. వాళ్ల అత్త కావాలనే అలా తట్టి ఉంటుంది.

తెనాలి

పలక ఇప్పుడు నా బల్ల మీద కంప్యూటరు పక్కనే ఉంది. మూలన ఆ పెద్దాయన రాసిన ఓం తుడవకుండా దాని కింద రాసుకుంటున్నాను. కొత్త పని రాయాలంటే పాతది ఒకటి చెరపాలి. వంశీకి ఈ పద్ధతి బాగా నచ్చింది.

మొదటి వాన పడక ముందే రమణమ్మ నుంచి మళ్లీ వాయిస్ మెసేజ్ వచ్చింది.

“అక్కా, మందొచ్చింది. అన్ని దొడ్లకూ పడింది. ఆఖర్న మా వదిన వాళ్లది గూడా...”

అక్కడ వెనక నుంచి అంకమ్మ గొంతు వినిపించింది. ఈసారి ఆమె నాతో చెప్పడం లేదు, ఎవరితోనూ చెప్పించడం లేదు.

“ఫోనులో తర్వాత మాట్లాడొచ్చులే రమణా. ముందు కాళ్లు కడుక్కోని రా, అన్నం చల్లారిపోతాది.”

మెసేజ్ అక్కడితో ఆగిపోయింది. కింద ఒక ఫోటో ఉంది. గొర్రెలది కాదు. దొడ్డి గోడ మీద బారుగా పేర్చిన ఖాళీ టీకా సీసాలు, అంకమ్మ దొడ్డికి సగమే పట్టిన చివరి సీసాలో మిగిలిన సగం మందు. ఫోటోను పెద్దది చేసుకుని ఆ గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చాలాసేపు చూశాను. ఎన్ని సీసాలో మాత్రం లెక్కపెట్టలేదు.